అయిదేళ్ల మాత్ర

ఆపరేషన్ అయింది. కీమో అయింది. రేడియేషన్ కూడా పూర్తయింది. ఆసుపత్రివాళ్లు ఫైలు చేతికిచ్చి, రోజుకో మాత్ర రాసి, మూడు నెలలకోసారి వచ్చి కనిపించమంటారు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. పలకరింపు ఫోన్లు తగ్గుతాయి. మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి ప్రయాణం కుదురుతుంది. వైద్యం అయిపోయిందని అందరూ అనుకునే ఆ రోజునే రొమ్ము క్యాన్సర్ వైద్యంలో అన్నింటికంటే పొడుగైన భాగం మొదలవుతుంది. అయిదేళ్లు, కొందరికి ఏడు నుంచి పదేళ్లు. అది జరిగేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. వంటింటి అలమరలోనో తలగడ పక్కనో ఉండే ఒక మాత్రల షీటుతో.

ఈ అధ్యాయం ఆ మాత్ర వేసుకునే ఆమె కోసం, ఆమెను చూసుకునేవాళ్ల కోసం. చూసుకునేవాళ్లంటే ఆసుపత్రిలో నర్సు, ఇంట్లో భర్త, కూతురు, కోడలు, ఎవరైనా కావచ్చు. నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఒకటే. ఈ చికిత్సలో సేవ చేయడమంటే ఆమె చెప్పే చిన్న చిన్న బాధలను జబ్బు లక్షణాల్లాగే పట్టించుకోవడం. "ఇంత పెద్ద గండం దాటావు, ఈమాత్రం ఓర్చుకోలేవా?" అని మనం ప్రేమతోనే అంటాం. ఆమె ఓర్చుకుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తుంది. అమెరికాలో ఉత్తర కాలిఫోర్నియాకు చెందిన ఎనిమిది వేలమందికి పైగా స్త్రీల మందుల వాడకాన్ని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పూర్తి కాలం సక్రమంగా మాత్ర వాడినవాళ్లు దాదాపు సగంమందే అని తేలింది. బీమా, ఫోను చేస్తే పలికే ఫార్మసీ ఉన్నచోటే సంగతి ఇది.

మాత్ర చేసే పని

హార్మోన్ చికిత్స అనగానే ఒంట్లోకి హార్మోన్లు ఎక్కిస్తారేమోనని చాలామంది భయపడతారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఈస్ట్రోజెన్ వచ్చి వాటికి అతుక్కుంటే, పెరగమని కణానికి ఆజ్ఞ అందినట్టే. టామాక్సిఫెన్ ఆ రిసెప్టర్‌లో ముందే తాను చేరిపోయి ఈస్ట్రోజెన్‌కు చోటు లేకుండా చేస్తుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అనే మూడు మందులది వేరే దారి. నెలసరి పూర్తిగా ఆగిపోయిన తర్వాత కూడా ఒంట్లోని కొవ్వులో, ఇతర కణజాలంలో కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుంది. దాన్ని తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైమును ఇవి అడ్డుకుంటాయి.

ఈ చికిత్సకు వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసేస్తే గడ్డలు తగ్గాయని 1896లో ప్రకటించారు. అప్పటికి ఈస్ట్రోజెన్‌ను ఎవరూ కనిపెట్టలేదు. టామాక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండ్‌లోని ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశారు. అప్పట్లో వాళ్లు వెతుకుతున్నది గర్భం రాకుండా ఆపే మందు కోసం. ఆ పనికి అది పనికిరాలేదు. పైగా స్త్రీలలో అండం విడుదలయ్యేలా చేసింది. తర్వాత రొమ్ము క్యాన్సర్ మీద దాని పనితనం బయటపడి, 1973లో బ్రిటన్‌లోనూ 1977లో అమెరికాలోనూ వాడకంలోకి వచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇందులో నేటికీ పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. టామాక్సిఫెన్ వాడుతున్న పడుచు అమ్మాయికి నెలసరి క్రమం తప్పుతుంది, ఒక్కోసారి నెలల తరబడి రాదు. "ఇంక నాకు పిల్లలు పుట్టరులే" అనుకుంటుంది. అండం మాత్రం విడుదలవుతూ ఉండవచ్చు. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం. అందుకని కాపర్-టీ లేదా కండోమ్ తప్పనిసరి. గర్భనిరోధక మాత్రలు మాత్రం వద్దు, వాటిలో ఉండేవి హార్మోన్లే. పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట డాక్టరుతో మొదట్లోనే చెప్పాలి. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్ర వాడాక, బిడ్డ కోసం రెండేళ్ల వరకు విరామం తీసుకున్న స్త్రీలలో జబ్బు తిరగబెట్టడం ఆ కొద్దికాలంలో పెరగలేదని 2023లో వెలువడిన పాజిటివ్ అనే అంతర్జాతీయ అధ్యయనం చూపింది. అంటే ఆ దారి మూసుకుపోలేదు. కానీ ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరుతో కలిసి లెక్క వేసుకోవాల్సిన దారి అది.

మీ ఫైలులో బయాప్సీ రిపోర్టు కింది భాగం తీసి చూడండి. ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు పేర్లు ఉంటాయి. మొదటి రెండూ హార్మోన్ రిసెప్టర్లు. నూటికి ఒక్క కణంలో ఇ.ఆర్. కనిపించినా పాజిటివ్ అనే రాస్తారు, కానీ నూటికి తొంభై ఉన్నవాళ్లకు మాత్రతో కలిగే మేలు ఒకటి రెండు ఉన్నవాళ్లకు కలుగుతుందని చెప్పలేం. కొన్ని ల్యాబులు శాతానికి బదులు ఎనిమిదికి ఇన్ని అని మార్కులు వేస్తాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే రొమ్ము క్యాన్సర్లలో మూడింట రెండొంతులకు పైగా హార్మోన్ రిసెప్టర్లు ఉన్న ఈ రకానివే. మగవాళ్లకు అరుదుగా వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా ఎక్కువగా ఇదే రకం, వాళ్లకూ టామాక్సిఫెనే ఇస్తారు. ఇ.ఆర్., పి.ఆర్. రెండూ నెగటివ్ అయినవాళ్లకు ఈ మాత్రతో పని లేదు. పక్కింటావిడకు రాశారు, నాకెందుకు రాయలేదని దిగులుపడనక్కర్లేదు.

ఇక మేలు ఎంత అన్న ప్రశ్న. అయిదేళ్లు టామాక్సిఫెన్ వాడిన ఇ.ఆర్. పాజిటివ్ స్త్రీలలో మొదటి పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయని, ప్రపంచంలోని అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి చేసిన పరిశీలన 2011లో తేల్చింది. ఈ రకం క్యాన్సర్‌కు ఆలస్యంగా తిరిగొచ్చే గుణం ఉంది. అయిదేళ్లు దాటాక, పదేళ్లకు, పదిహేనేళ్లకు కూడా రావచ్చు. ఇప్పుడు వేసుకునే మాత్ర ఆ దూరపు సంవత్సరాలను కాపాడుతుంది. అందుకే ఆ మేలు కంటికి కనబడదు. కీళ్ల నొప్పి మాత్రం పొద్దున్నే కనబడుతుంది.

వేసుకుంటున్నారా అని అడగకండి

ఓపీలో రోజూ వినబడే సంభాషణ ఒకటుంది.

"మాత్రలు వేసుకుంటున్నారామ్మా?"

"ఆఁ, వేసుకుంటున్నాను సిస్టరమ్మా."

ఫైలులో టిక్కు పడుతుంది. ఆ జవాబుకు విలువ లేదు. ఆమె అబద్ధాలకోరు అని నా ఉద్దేశం కాదు, ఆ ప్రశ్నకు మర్యాదస్థులు చెప్పగలిగే జవాబు అదొక్కటే. అదే ప్రశ్న ఇలా అడిగి చూడండి: "చాలామంది మధ్యమధ్యలో మర్చిపోతుంటారమ్మా. పోయిన నెలలో మీకు ఎన్నిసార్లు తప్పింది?" మర్చిపోవడం మామూలేనని మనమే ముందు అన్నాం కాబట్టి ఆమెకు నోరు పెగులుతుంది. "పెళ్లికెళ్లినప్పుడు నాలుగు రోజులు తప్పింది" అంటుంది. కాసేపాగి, "అసలు దసరా నుంచి రోజు విడిచి రోజు వేసుకుంటున్నానమ్మా, వేళ్లు ముడవలేకపోతున్నాను" అని అసలు సంగతి చెబుతుంది. ఆ రెండో వాక్యం కోసం నర్సు ఆ కాసేపు ఆగాలి. వెనక ఇంకా నలభైమంది ఉన్నారని నాకు తెలుసు. అయినా ఆగాలి.

ఇంట్లోవాళ్లు చేయదగ్గది ఇంకా సులువు. షీటు వెనక అల్యూమినియం రేకు మీద బాల్‌పెన్నుతో వారాల పేర్లు రాయండి: సోమ, మంగళ, బుధ. మాత్రకు వేళ పట్టింపు పెద్దగా లేదు, రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు. రాత్రి పళ్లు తోముకునేటప్పుడో, బీపీ మాత్రతో పాటో, ఏదో ఒక అలవాటుకు ముడిపెట్టండి. ఎక్సిమెస్టేన్ ఒక్కటి భోజనం తర్వాత వేసుకోవాలి. మిగతావి ఖాళీ కడుపుతో వేసుకున్నా ఫరవాలేదు కాబట్టి, కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నా గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. వ్రతభంగం అనుకునేవాళ్లు నక్షత్ర దర్శనం అయ్యాక భోజనంతోపాటు వేసుకోండి, ఆ రోజు మాత్రం దాటనివ్వకండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వేసుకోకూడదు.

మరో భయం మన ఊళ్లలో బాగా ఉంది: "ఇన్నేళ్లు మందులు మింగితే కిడ్నీలు పోతాయి." ఈ మాత్రల వల్ల కిడ్నీలు పోవు. కీళ్ల నొప్పులు ఓర్చుకోలేక మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ వేసుకునే నొప్పి బిళ్లల వల్ల పోయే ప్రమాదం నిజంగా ఉంది. బాధ చెప్పుకోవడానికి మనిషి లేకపోతే జరిగేది ఇదే: కాపాడే మాత్ర మానేసి, హాని చేసే మాత్ర పట్టుకుంటారు.

పొద్దున్న వేళ్లు, రాత్రి ఆవిర్లు

లెట్రోజోల్ వంటి మందులు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు కీళ్లు పట్టేయడం చాలామందిలో కనిపిస్తుంది. పొద్దున లేవగానే పాల ప్యాకెట్ చించలేరు, కుక్కర్ మూత తిప్పలేరు, వెనక్కి చేతులు పెట్టి జడ వేసుకోలేరు. కాసేపు పనిలో పడితే వదులవుతుంది. ఇంట్లోవాళ్లకు పది గంటలకు మామూలుగా కనబడిన మనిషి ఆరు గంటలకు ఎలా ఉందో తెలియదు. అందుకే చెప్పినా నమ్మరు. ఒకరోజు ఆమెకంటే ముందు లేచి చూడండి.

దీనికి బాగా పనిచేసేది, వినడానికి విడ్డూరంగా ఉన్నా, వ్యాయామమే. వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేసినవాళ్లలో ఈ మందుల వల్ల వచ్చే కీళ్ల నొప్పులు తగ్గాయని అధ్యయనాల్లో తేలింది. "నొప్పిగా ఉంటే నడవమంటారేంటి?" అని ఆమె అడగడం న్యాయమే. మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టండి, ఆమె ఒక్కతినీ పంపకుండా పక్కన మీరూ నడవండి. లేవగానే గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి, వేళ్లు మెల్లగా ముడుస్తూ తెరుస్తూ ఉంటే ఉపశమనం ఉంటుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు చేతిలో ఇంకా దారులున్నాయి: కొద్ది వారాలు ఆపి చూడటం, లెట్రోజోల్ నుంచి ఎక్సిమెస్టేన్‌కు మార్చడం, టామాక్సిఫెన్‌కు మళ్లించడం, నొప్పికి వేరే మందు రాయడం. ఒక మందు పడనివాళ్లకు అదే కోవకు చెందిన మరొకటి పడటం తరచూ చూస్తాం. ఆ దారులన్నీ తెరుచుకోవాలంటే నొప్పి సంగతి డాక్టరు చెవిన పడాలి.

లెట్రోజోల్ కోవ మందులు ఎముకలను కూడా పలచన చేస్తాయి. మొదలుపెట్టేముందు ఒక డెక్సా స్కాన్, తర్వాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఒకటి. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగి జావ, రాగి సంకటి మన ఇళ్లలో ఉన్నవే. విటమిన్-డి రక్తపరీక్ష చేయించి, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. ఎముకలకు ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించే ఆలోచన ఉంటే ముందే పళ్ల డాక్టరుకు చూపించి, పీకాల్సిన పళ్లు ఉంటే పీకించేయాలి. ఆ మందు నడుస్తుండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెట్టవచ్చు. బాత్రూంలో తడి గచ్చు మీద జారి పడకుండా రబ్బరు చాప వేసి, గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించండి.

ఆవిర్ల సంగతి వేరు. రాత్రి రెండు గంటలప్పుడు ఛాతీ దగ్గర సెగ పుట్టి మెడ మీదుగా ముఖానికి ఎక్కుతుంది. జాకెట్టు తడిసిపోతుంది. దుప్పటి తన్నేసి ఫ్యాను పెంచుతుంది. అయిదు నిమిషాల్లో చెమట ఆరి వణుకు పుడుతుంది, మళ్లీ దుప్పటి వెతుక్కుంటుంది. ఈలోపు పక్కన పడుకున్న మనిషి చలికి విసుక్కుంటాడు. రాత్రికి ఇలా నాలుగుసార్లు అయితే మర్నాడు ఆమెకు కోపం, మరుపు, ఏడుపు రాక ఏం చేస్తాయి? చుట్టాలు దాన్ని "క్యాన్సర్ వచ్చాక మనిషి మారిపోయింది" అంటారు. నిద్ర లేదు, అంతే. వేరు వేరు దుప్పట్లు, నూలు నైటీ, చేతికందేంత దూరంలో మార్చుకోవడానికి ఇంకొకటి, చల్లటి నీళ్ల సీసా, ఆమె వైపు ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెట్టండి. పొగలు కక్కే కాఫీ, బాగా కారం తిన్న తర్వాత ఆవిర్లు ఎక్కువవుతున్నాయేమో ఒక వారం గమనించి రాసుకోండి. అప్పటికీ రాత్రులు గడవకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి మందులు ఉన్నాయి, డాక్టరును అడగండి.

ఇక్కడ నర్సులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఉంది. టామాక్సిఫెన్ కాలేయంలోకి వెళ్లి మరో రూపానికి మారితేనే పూర్తిగా పనిచేస్తుంది. దిగులుకు వాడే పరాక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ వంటి మందులు ఆ మార్పును అడ్డుకుంటాయి. క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా మానసిక వైద్యుడి దగ్గరకు, మానసిక వైద్యుడికి టామాక్సిఫెన్ సంగతి చెప్పకుండా మరోచోటకు వెళ్లడం మనవాళ్లకు అలవాటు. దిగులుకు మందు వాడటం తప్పే కాదు, చాలామందికి అవసరం కూడా. ఏ మందు అన్నదే చూసుకోవాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా తప్పక చెప్పాలి. ఆడవాళ్ల బలానికంటూ అమ్మే లేహ్యాలు, పొడులు కూడా మందుల సంచీలోనే తెచ్చి డాక్టరుకు చూపించండి, కొన్నింటిలో ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించే పదార్థాలు ఉండవచ్చు. నువ్వులు, అవిసెలు, సోయా మామూలుగా వంటలో తినే మోతాదులో భయపడాల్సినవి కావు.

ఎవరూ అడగని ఒక బాధ

యోని పొడిబారడం, దాంతో మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. ఈ మందుల వల్ల ఇవి చాలామందికి వస్తాయి, దాదాపు ఎవరూ నోరు విప్పరు. మగ డాక్టరు ముందు, కొడుకును పక్కన పెట్టుకుని ఎలా చెబుతుంది? భర్తతో చెబితే సాకు అనుకుంటాడేమోనని భయం. రొమ్ము పోయిన శరీరాన్ని అతను ఎలా చూస్తున్నాడోనన్న బెంగ ముందే ఉంది. ఇలా ఏళ్లకేళ్లు మౌనం పేరుకుపోయిన ఇళ్లున్నాయి.

ఇది నర్సు పని అని నా గట్టి నమ్మకం. తోడొచ్చినవాళ్లను మందుల చీటీతో బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, "ఈ మాత్ర వేసుకునేవాళ్లకు లోపల పొడిబారడం మామూలేనమ్మా, మీకూ ఉందా?" అని అడిగితే చాలు. మందుల షాపుల్లో హార్మోన్ లేని మాయిశ్చరైజర్లు దొరుకుతాయి, వారానికి రెండు మూడుసార్లు వాడాలి. కలయిక సమయంలో నీటితో చేసిన జెల్ వాడుకోవచ్చు. కొబ్బరినూనె కొందరికి హాయిగా ఉంటుంది గానీ కండోమ్ వాడేవాళ్లకు పనికిరాదు, రబ్బరు చిరిగిపోతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీములు క్యాన్సర్ డాక్టరు అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. భర్తలకు ఒక మాట: ఆమె దూరం జరిగితే అది అయిష్టం అనుకోకండి, నొప్పి కావచ్చు. మీరే ముందు అడగండి.

ఆలస్యం చేయకూడనివి

కొన్ని లక్షణాలకు మాత్రం తర్వాతి ఓపీ దాకా ఆగకూడదు. టామాక్సిఫెన్ వాడేవాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వచ్చినా, మాట తడబడి ఒక పక్క చేయి కాలు చచ్చుబడినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. నెలసరి ఆగిపోయిన స్త్రీకి మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క మరక అయినా సరే, ఆ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించాలి. గర్భాశయ లోపొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు ఈ మందుతో స్వల్పంగా ఉంది, తొందరగా పట్టుకుంటే నయమయ్యేది. చూపు మసకబారితే కంటి డాక్టరు దగ్గరకు. మోకాలి మార్పిడిలాంటి పెద్ద ఆపరేషన్ నిర్ణయించుకుంటే, టామాక్సిఫెన్ కొన్నాళ్లు ముందు ఆపాలేమో ఆ సర్జన్‌కూ క్యాన్సర్ డాక్టరుకూ మధ్య మాట జరిగేలా చూడండి.

మన ఇళ్లలో ఇంకో సందర్భం తరచూ వస్తుంది: కూతురి పురుడు పోయడానికి ఆరునెలలు అమెరికా ప్రయాణం. విమానంలో అన్నేసి గంటలు కదలకుండా కూర్చోవడం టామాక్సిఫెన్ వాడేవాళ్లకు మంచిది కాదు. నడవ పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, మడమలు పైకీ కిందికీ ఆడించాలి, నీళ్లు తాగాలి. ఆరునెలలకు సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్ చేతి సంచీలో పెట్టుకోవాలి, చెకిన్ పెట్టెలో వద్దు. నెలనెలా ఇంజెక్షన్ తీసుకునేవాళ్లయితే అక్కడ ఎవరు వేస్తారో టికెట్ కొనకముందే తేల్చుకోవాలి.

మరో ప్రమాదం కంటికి ఆనదు. కీమో వల్ల నలభై అయిదేళ్ల ఆవిడకు నెలసరి ఆగింది, మెనోపాజ్ వచ్చేసిందనుకుని లెట్రోజోల్ మొదలైంది. ఎనిమిది నెలలకు మళ్లీ మరక కనిపించింది. అండాశయాలు పనిచేస్తుంటే లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే అది జబ్బును ఆపదు. ఆ మరక సంగతి "సిగ్గు విషయం" అని దాచకుండా మర్నాడే చెప్పించడం ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఉంది.

సూది పట్టుకునేవాళ్లకు

వయసులో ఉన్న కొందరికి అండాశయాలను నిద్రపుచ్చడానికి గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు 28 రోజులకోసారి ఇస్తాం. అది ద్రవం కాదు, బియ్యపు గింజంత ఇంప్లాంట్. సూది లావు. చూడగానే ఆమె ముఖం పాలిపోతుంది. పడుకోబెట్టి, ముందు చర్మం మొద్దుబారే క్రీము రాసి, అది పనిచేసేదాకా ఆగి, బొడ్డు కింద పొట్ట చర్మం పట్టుకుని ఏటవాలుగా, కండరంలోకి దిగకుండా వేయాలి. తర్వాత గట్టిగా ఒత్తి పట్టుకుని, రక్తం రావడం లేదని చూసుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతోందేమో ముందే అడగాలి. తేదీ జారిపోకుండా కాలెండర్‌లో గీసి పంపాలి, నెల అంటే ఆమెకు ముప్ఫై రోజులు, ఈ మందుకు నాలుగు వారాలు.

జబ్బు వేరే అవయవాలకు పాకినవాళ్లకు ఇచ్చే ఫుల్వెస్ట్రాంట్ చిక్కగా, నూనెలా ఉంటుంది. అయిదేసి మిల్లీలీటర్ల రెండు సిరంజీలు, ఒక్కో పిరుదుకు ఒక్కోటి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే గడ్డకట్టినట్టు నొప్పి పెడుతుంది. కాసేపు బయట ఉంచి గది వేడికి రానివ్వండి. బోర్లా పడుకోబెట్టి కాలి బొటనవేళ్లు లోపలికి తిప్పమంటే పిరుదు కండరం వదులవుతుంది. సయాటిక్ నరం దారి తప్పించి, పై బయటి భాగంలో, ఒక్కో సిరంజీ ఒకటి రెండు నిమిషాలు పట్టేలా మెల్లగా నెట్టాలి. ఆ రెండు నిమిషాలు ఆమెతో మాట్లాడండి. మొదటి నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, ఇరవై తొమ్మిదో రోజు, ఆపైన నెలకోసారి ఇవ్వాలి కాబట్టి, ఈ మనిషిని మీరు చాలాసార్లు చూస్తారు. పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ వంటి మాత్రలు కూడా తోడుగా వాడుతుంటే జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలని ప్రతిసారీ చెప్పండి.

ఖర్చు గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం సగమే. టామాక్సిఫెన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న, చవకగా దొరికే మందు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్‌కు కూడా జెనెరిక్ రకాలున్నాయి, జన ఔషధి షాపులో అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలోనివి. డబ్బులు లేక మాత్ర మానేసిన రోజున, మానేసిన సంగతి అక్కడ చెప్పడానికి ఎవరూ మొహమాటపడకూడదు.

అయిదో ఏడు

అయిదేళ్లు నిండే వేళకు మనసులో రెండు భయాలు కలగలుస్తాయి. ఇంకెన్నాళ్లు వేసుకోవాలన్న విసుగు ఒకటి, ఆపేస్తే తిరగబెడుతుందేమోనన్న బెరుకు మరొకటి. టామాక్సిఫెన్‌ను అయిదేళ్లకు బదులు పదేళ్లు వాడితే జబ్బు తిరగబెట్టడం, మరణాలు ఇంకా తగ్గాయని అట్లాస్ అనే పెద్ద అధ్యయనం చెప్పింది. అది అందరికీ వర్తించే తీర్పు కాదు. మొదట్లో చంకలో గ్రంథులకు జబ్బు పాకిందా, గడ్డ ఎంత పెద్దది, ఎముకల బలం ఎంత, ఈ అయిదేళ్లు ఆమె ఎలా గడిపింది, ఇవన్నీ చూసి నిర్ణయిస్తారు. అందుకని ఆ ఓపీకి ఖాళీ చేతులతో వెళ్లకండి. మొదటి బయాప్సీ రిపోర్టు, చివరి డెక్సా స్కాన్, ఈ ఏడాది మామోగ్రామ్, వాడుతున్న అన్ని మందుల చీటీలు ఒక కవర్లో పెట్టుకోండి. కొనసాగిస్తే నాకు ఎంత మేలు, ఆపితే ఎంత ముప్పు అని ఆమె చేతే అడిగించండి. ఆపమంటే, ఏడాదికోసారి మామోగ్రామ్, డాక్టరు పరీక్ష మాత్రం ఆపవద్దు. కొనసాగించమంటే, ఏ ఇబ్బందితో ఈ అయిదేళ్లు గడిచాయో ఆ రోజే విడమరచి చెప్పి, వచ్చే అయిదేళ్లకు ఏ మందు, ఏ మోతాదు, ఎన్నాళ్లకోసారి ఏ పరీక్ష అన్నది కాగితం మీద రాయించుకుని రండి.